నేరబ్ పూజారుల సమాధి శిలలు: ఆ శాపం ఎవరిని ఉద్దేశించినది?

సీన్‌గట్టు
గత ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకొని పారిస్‌లోని లూవ్ర్ సంగ్రహాలయానికి వెళ్ళాను. ప్రాచ్య విభాగంలో రెండు నల్లని బసాల్ట్ రాతి పలకలు ఉన్నాయి. నేను నిలువెత్తు శిలలను ఊహించుకొని వెళ్ళాను గానీ, తీరా చూస్తే రెండూ మీటరు ఎత్తుకు కొంచెం తక్కువే. సిరియాలో అలెప్పో నగరానికి దగ్గరలో ఉన్న నేరబ్ అనే ఊళ్ళో ఇవి 1891లో దొరికాయి. క్రీ.పూ. 7వ శతాబ్దికి చెందినవి. ఒకదానిమీద సిన్‌జేర్‌ఇబ్ని అనే పూజారి కుడిచేయి పైకెత్తి నిలబడి ఉన్నాడు. రెండవదానిమీద సీగబ్బర్ అనే పూజారి చేత గిన్నె పట్టుకొని కూర్చున్నాడు. ఆయన ముందు భోజనపు బల్ల, దానికి అవతల విసనకర్ర పట్టుకున్న పరిచారకుడు ఉన్నారు. ఇద్దరూ సహర్ అనే చంద్రదేవుని పూజారులే. రాత అంతా ఆనాటి సిరియాలో వాడిన అరామిక్ భాషలో ఉంది.

మొదటి శిల సారాంశాన్ని నాకు తెలిసినంతలో తెలుగు చేస్తున్నాను: "నేరబ్‌లో సహర్ పూజారి అయిన సిన్‌జేర్‌ఇబ్ని మరణించాడు. ఇది అతని ప్రతిమ, ఇది అతని సమాధి. నీవెవరవైనా సరే, ఈ ప్రతిమను, ఈ సమాధిని దాని చోటు నుంచి లాగివేస్తే, సహర్, షమష్, నిక్కల్, నుస్క్ నీ పేరును, నీ చోటును బతికున్నవారి నడుమ నుంచి పెరికివేయుదురు గాక, నిన్ను చెడ్డ చావు చంపుదురు గాక, నీ సంతానాన్ని నాశనం చేయుదురు గాక. ఈ ప్రతిమను, ఈ సమాధిని నీవు కాపాడితే, మునుముందు నీది కూడా కాపాడబడు గాక."

ఇదంతా చదివి వినిపించాక మా అమ్మాయి, "లాగినవాళ్ళకు శాపం అయితే, ఇంతదూరం లాక్కొచ్చినవాళ్ళకు ఏమయింది నాన్నా?" అని అడిగింది. అప్పటికి నవ్వి తప్పించుకున్నాను గానీ ఇంటికి వచ్చాక నన్ను వేరే ప్రశ్న పట్టుకుంది. సమాధులు తవ్వే దొంగలకు ఆ కాలంలో చదువు వచ్చి ఉండదు కదా. అలాంటప్పుడు ఈ రాత ఎవరు చదువుతారని రాయించారు? వాట్సాప్‌లో తిరిగే "సమాధి తెరిచినవాళ్ళంతా పిట్టల్లా రాలిపోయారు" వంటి కథలు దయచేసి వద్దు. అవి చదివి చదివి విసిగిపోయాను.

గోడమీదపిల్లి
మా వీధి చివరి గోడమీద "ఇచ్చట మూత్రము పోయువాడు గాడిద" అని రాయించారు. పదేళ్ళుగా ఎవరూ లెక్కచేయలేదు. చివరికి గోడ పొడవునా దేవుళ్ళ బొమ్మల టైల్సు అతికించాక గాని ఆ చోటు శుభ్రపడలేదు. నేరబ్ పూజారులు ఈ రెండు పద్ధతులనూ ఒకే రాయిమీద వాడుకున్నట్లున్నారు.

సందేహాలరావు
పిల్లి గారు నవ్వులాటగా చెప్పినా అందులో విషయం ఉంది. చదువురానివాడిని ఆపేది బొమ్మ. కాబట్టి అక్షరాలు దొంగ కోసం కావు, అలంకారం కోసమే. పెద్ద పూజారి గనుక నాలుగు వాక్యాలు చెక్కించుకున్నాడు, అంతే.

శాసనాలపిచ్చి
అలంకారం కోసమే అనడాన్ని ఒప్పుకోలేను. అలంకారమైతే బిరుదులు, పొగడ్తలు నింపి ఉండేవారు. మొదటి శిలలో పేరు, పదవి, మరణించాడన్న మాట తప్ప సొంత గొప్ప ఒక్కటీ లేదు. మిగిలిందంతా "మన్ అత్", అంటే "నీవెవరవైనా సరే" అని మొదలై ఎదుటి మనిషితో నేరుగా మాట్లాడుతుంది.

ఆ ఎదుటి మనిషి ఎవరో తెలియాలంటే ముందు "లాగివేయడం" అన్న క్రియను చూడాలి. బంగారం కోసం వచ్చిన దొంగ గొయ్యి తవ్వుతాడు గాని రాతి ప్రతిమను లాగి ఏం చేసుకుంటాడు? చెక్కిన మంచి రాయిని లాగేది దానిని మళ్ళీ వాడుకోదలచినవాడు. తర్వాత వచ్చే పూజారి కావచ్చు, ఆ స్థలంలో తనవారిని పూడ్చదలచిన పెద్దమనిషి కావచ్చు, గోడ కట్టించే అధికారి కావచ్చు. వీళ్ళకు చదువు వచ్చు, లేకపోతే చదివిపెట్టే లేఖకుడైనా పక్కన ఉంటాడు. చివరి వాక్యం కూడా వీళ్ళకే సరిపోతుంది. "నాది కాపాడితే నీది కాపాడబడుతుంది" అన్న మాట రేపు తనకంటూ ఒక సమాధి, ఒక ప్రతిమ ఉండబోయే మనిషికే పనికివస్తుంది. కూలికి తవ్వే దొంగకు ఆ బేరంతో పనిలేదు.

సీన్‌గట్టు
ఆ చివరి వాక్యాన్ని నేను మర్యాదకోసం చేర్చిన మాటగా చదివాను. బేరంగా చూడటం నాకు తట్టలేదు. రెండవ శిలలో ఆ బేరం ఉందా?

శాసనాలపిచ్చి
లేదు. అందులో సీగబ్బర్ వేరే దారి పట్టాడు. తానే స్వయంగా మాట్లాడతాడు. తన ధర్మవర్తన వల్ల దేవుడు మంచి పేరు ఇచ్చాడని, ఆయుష్షు పెంచాడని, చనిపోయిన రోజున కూడా తన నోట మాట పడిపోలేదని, తన కళ్ళతో నాలుగో తరం పిల్లలను చూశానని, వాళ్ళు తనకోసం ఏడ్చారని చెబుతాడు. ఆ వెంటనే అసలు సంగతికి వస్తాడు. "నాతో వెండి పాత్రగాని కంచు పాత్రగాని పెట్టలేదు. నా బట్టలతోనే నన్ను పెట్టారు, మునుముందు నా సమాధిని లాగివేయకుండా ఉండేందుకు" అంటాడు. శాపం దాని తర్వాతే. అక్కడ సహర్, నిక్కల్, నుస్క్ అని ముగ్గురు దేవతలే కనిపిస్తారు. మొదటి శిలలో ఉన్న సూర్యదేవుడు షమష్ ఇందులో లేడు.

సందేహాలరావు
ఇప్పుడు మీ వాదాన్ని మీరే పడగొట్టుకున్నారు. "వెండి లేదు, కంచు లేదు" అన్న మాట దొంగకు కాక ఎవరికి? ఖాళీ ఇంటి తలుపుకు "లోపల డబ్బు లేదు" అని చీటీ అంటించినట్లు ఉంది.

గోడమీదపిల్లి
అలా అంటించిన ఇంటినే ముందు వెదుకుతారు.

శాసనాలపిచ్చి
దెబ్బ తగిలిందని ఒప్పుకుంటాను. రెండవ శిలలో దొంగ కూడా మనసులో ఉన్నాడు. అయినా ఆ సంగతి దొంగకు రాయి చదివితేనే తెలియాలని లేదు. అంత పెద్ద పూజారిని ఏమీ పెట్టకుండా పూడ్చారంటే ఊరంతా చూసి ఉంటుంది, ఏడ్చిన నాలుగో తరం పిల్లలు పెరిగి చెప్పుకొని ఉంటారు. రాయి ఆ మాటకు సాక్ష్యంగా నిలబడింది.

రేనాటిరాయి
మా కడప జిల్లాలో పొలాల గట్లమీద, గుడి గోడలమీద శాసనాలు చదువుకుంటూ తిరిగే మనిషిని నేను. నేరబ్ చివరి వాక్యం చదవగానే మన దానశాసనాల చివర వచ్చే శ్లోకాలు గుర్తుకొచ్చాయి. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరామ్, షష్టిం వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః" అన్నది తెలియనివారు ఉండరు. భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని. తెలుగు శాసనాల్లోనైతే "గంగ కఱుత కవిలను చంపిన పాపాన పోవువాడు" అన్న మాట అడుగడుగునా వస్తుంది. గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపమన్నమాట. బెదిరింపు పక్కనే బుజ్జగింపు కూడా ఉంటుంది. "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్", అంటే ఇవ్వడం కంటే ఇచ్చినదానిని కాపాడటం గొప్ప అని. నేరబ్ పూజారి బేరానికి ఇది దగ్గరి చుట్టం.

మన శాసనాలు కూడా చదువురాని గొల్లపిల్లవాడిని ఉద్దేశించినవి కావు. వచ్చే రాజు, వచ్చే కరణం, వచ్చే ధర్మకర్త కోసం రాసినవి. ఈ విషయంలో శాసనాలపిచ్చి గారితోనే ఉన్నాను.

ఆదివారంబడి
పోలిక బాగుంది గాని ఒక తేడా చెప్పాలి. మన శాసనం కాపాడేది బతికున్నవాళ్ళు అనుభవించే భూమిని. ఆ భూమి పండుతుంది, దీపానికి నూనె ఇస్తుంది, దాన్ని కాపాడటానికి ఎవరో ఒకరికి లాభం ఉంటుంది. నేరబ్ రాయి కాపాడేది ఎముకలను. నాలుగో తరం పోయాక ఆ ఎముకల తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరు.

నాకు బాగా తెలిసిన అరామిక్ రాయి ఇంకొకటి ఉంది. యూదా రాజు ఉజ్జియా పేరు బైబిలు చదివినవారికి తెలుసు. కుష్ఠరోగం వల్ల ఆయనను రాజుల సమాధులలో కాక పక్క పొలంలో పాతిపెట్టినట్లు దినవృత్తాంతముల గ్రంథం చెబుతుంది. యెరూషలేములో ఒలీవల కొండమీద ఉన్న రష్యన్ మఠం సేకరణలో సుకెనిక్ అనే పండితునికి 1931లో ఒక రాతి పలక కనిపించింది. దాదాపు 35 సెంటీమీటర్ల చదరపు పలక. దానిమీద, "యూదా రాజు ఉజ్జియా ఎముకలు ఇక్కడికి తేబడినవి, తెరవరాదు" అని ఉంది. అంతే. దేవుళ్ళు లేరు, శాపం లేదు, సంతాన నాశనం లేదు. రాజు చనిపోయింది క్రీ.పూ. 8వ శతాబ్దిలో, రాత తీరు చూస్తే క్రీస్తు కాలం నాటిది. అంటే ఏడు వందల ఏళ్ళకు పైగా గడిచాక ఎవరో ఆ ఎముకలను పదిలంగా మరోచోటికి మార్చి, తలుపుకు గొళ్ళెం పెట్టినట్లు ఆ ఒక్క మాట పెట్టారు.

సీన్‌గట్టు
అయితే నాలుగో తరం తర్వాత మాట్లాడేవారు ఉండరన్న మీ మాటను మీ ఉదాహరణే కాదంటోంది కదా.

ఆదివారంబడి
రాజు కాబట్టి ఉన్నారు. సామాన్యుల సంగతికి యెరూషలేము దగ్గర 1956లో దొరికిన ఎముకల పెట్టె మూతను చూడండి. "ఈ పెట్టెలో మనిషికి లాభంగా దొరికేది ఏదైనా, లోపల ఉన్నవాని తరఫున దేవునికి కొర్బాను" అని అరామిక్‌లో ఉంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో వచ్చే కొర్బాను ఇదే. తమకు చెందవలసినది దేవునికి అర్పితమైపోయిందని తల్లిదండ్రులతో చెప్పి తప్పించుకునే కొడుకుల సందర్భంలో ఆ మాట వస్తుంది. ఇక్కడ అదే మాటతో దొంగకు అడ్డం కట్టారు. సొత్తు ఉందో లేదో చెప్పలేదు. ఉంటే అది దేవునిది, ముట్టుకుంటే నీకూ దేవునికీ మధ్య తగవు అని ఊరుకున్నారు. సందేహాలరావు గారి దొంగ వాదానికి నేరబ్ కంటే ఇదే బలమైన సాక్ష్యం.

సందేహాలరావు
ఇంతసేపటికి ఒక్కరైనా నా పక్షాన నిలబడ్డారు, ధన్యవాదాలు. అన్నట్లు శాపం పెట్టినవారు ఎంత నీతిమంతులో కూడా చూడాలి. నేటి లెబనాన్‌లోని సీదోను నగరపు రాజు తబ్నీత్ రాతి శవపేటికమీద కూడా అరామిక్‌లో ఇలాంటి శాపమే ఉంది. తెరవవద్దు, వెండీ బంగారం లేవు అంటాడు. కానీ ఆ పేటిక అసలు ఆయనది కాదు. ఈజిప్టు సేనాపతి ఒకరి పేటికను తెచ్చుకొని వాడుకున్నాడు. ఆ సేనాపతి పేరున్న చిత్రలిపి ఇప్పటికీ దానిమీద అలాగే ఉంది.

శాసనాలపిచ్చి
చిన్న సవరణ. తబ్నీత్ రాసినది అరామిక్ కాదు, ఫొనీషియన్. రెండూ దగ్గరి భాషలే, లిపులూ అక్కచెల్లెళ్ళే, కానీ భాష వేరు. కథ మాత్రం నిజమే. 1887లో సీదోనులో ఉస్మాన్ హమ్దీ బే తవ్వించినప్పుడు బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. ఇంకొకరి పేటికలో పడుకొని "నా పేటికను కదిలించకు" అనడం కంటే, ఏమీ లేకుండా బట్టలతో పడుకున్న సీగబ్బర్ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తబూక్‌తెలుగు
నేను పదకొండేళ్ళుగా సౌదీలో పని చేస్తున్నాను. అల్‌ఉలా దగ్గర ఉన్న హెగ్రాకు రెండుసార్లు వెళ్ళాను. మా వాళ్ళు మదాయిన్ సాలెహ్ అంటారు. ఇసుకరాతి కొండలను తొలిచి చేసిన పెద్ద సమాధులు వందకు పైగా ఉన్నాయి. 2008లో యునెస్కో జాబితాలో చేరింది, సౌదీలో ఆ జాబితాకు ఎక్కిన మొదటి చోటు అదే. చాలా సమాధులకు ద్వారం పైభాగాన రాతిని నున్నగా చేసి, పలకలాగా చదును చేసి, అందులో వరుసలు వరుసలుగా రాత చెక్కారు. అది ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన నబతీయుల అరామిక్ అని మార్గదర్శి చెప్పాడు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడినప్పుడు అక్షరాల గాడుల్లో నీడ నిండి రాత ఉబికి వచ్చినట్లు కనిపిస్తుంది, మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. అందులో ఏముందో నాకు చదవడం రాదు. అవి కూడా శాపాలేనా?

శాసనాలపిచ్చి
శాపాలూ ఉన్నాయి, వాటితోపాటు ఇంకొకటీ ఉంది. ఒకదాని సారం చెబుతాను. వాయిలత్ కూతురు కమ్కమ్, ఆమె కూతురు కులైబత్ కలిసి తమకోసం, తమ సంతతికోసం చేయించుకున్న సమాధి అది. "తన ప్రజలను ప్రేమించే నబతీయుల రాజు" నాలుగవ హారితత్ తొమ్మిదవ పాలన సంవత్సరం, అంటే క్రీ.పూ. 1 ప్రాంతం. ఈ సమాధిని అమ్మినవాడిని, కొన్నవాడిని, తాకట్టు పెట్టినవాడిని, దానమిచ్చినవాడిని, లోపలినుంచి శవాన్నిగాని అవయవాన్నిగాని తీసినవాడిని, కమ్కమ్, ఆమె కూతురు, వారి సంతతి తప్ప మరొకరిని ఇందులో పూడ్చినవాడిని దుషరా దేవుడు, అల్లాత్, మనోతు దేవతలు శపింతురు గాక అని ఉంటుంది. మీరిన వాడు దేవతలకు అపరాధం చెల్లించాలి, అఫ్కల్ అనే పదవిలో ఉన్న పూజారికి వెయ్యి హారితత్ సెలా నాణేల జరిమానా కట్టాలి. ఆ తర్వాత ఒక మినహాయింపు. కమ్కమ్ చేతిరాతగాని ఆమె కూతురు కులైబత్ చేతిరాతగాని ఉన్న పత్రం ఎవరైనా చూపిస్తే, ఆ పత్రంలో ఉన్నట్లే చెల్లుతుంది. చిట్టచివర రాయి చెక్కిన వహబల్లాహి పేరు. అక్కడి మరికొన్ని సమాధుల రాతల్లో కౌలుకిచ్చినవాడు, దానిమీద తన పేర ఏదైనా పత్రం రాసుకున్నవాడు కూడా ఈ జాబితాలో చేరతారు.

దస్తావేజులేఖరి
ఈ వేదికలో నేను చదవడమే తప్ప రాసేవాడిని కాదు. ముప్పైనాలుగేళ్ళు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకొని దస్తావేజులు రాసి బతికాను. పై జాబు చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

మీరంతా దీన్ని శాపం అంటున్నారు. నా కంటికి ఇది నిఖార్సయిన దస్తావేజు. హక్కుదారులు ఎవరో తండ్రి పేరుతోనో తల్లి పేరుతోనో చెప్పారు. తేదీ రాజు పాలన సంవత్సరంతో వేశారు. తర్వాత క్రయం, తాకట్టు, దానం, కౌలు అని ఒక్కొక్క హక్కునూ పేరుపెట్టి తీసివేశారు. మేమూ అంతే చేసేవాళ్ళం. "అమ్మరాదు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, రేపు "నేను అమ్మలేదు, కౌలుకిచ్చాను" అంటాడు. కౌలు కూడా కాదంటే "దానమిచ్చాను" అంటాడు. కాబట్టి మనిషి తప్పించుకోగల ప్రతి కంతనూ మూయాలి. "ఏదైనా పత్రం రాసుకున్నవాడు" అన్న మాట ఉంది చూశారా, దొంగ కాగితాలు పుట్టించేవాళ్ళను బాగా ఎరిగిన లేఖరి పెట్టిన మాట అది. ఎవరో గాని నా గురువు లాంటివాడు.

మీ మొదటి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. ఈ రాత దొంగ కోసం కాదు, వారసుల కోసం. నా అనుభవంలో సమాధులను, శ్మశానాలను పాడుచేసింది బయటివాళ్ళు కారు. మా మండలంలో ఒక కుటుంబం తాతల సమాధులున్న పది సెంట్ల స్థలం ఉండేది. పత్రంలో సమాధుల మాట రాయలేదు. మూడో తరంలో ఒక మనవడు దాన్ని ప్లాటుగా అమ్మేశాడు, కొన్నవాడు పునాది తీశాడు. మిగిలిన అన్నదమ్ములు కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చారు. కాగితంలో ఏమీ లేదు గనుక నేను చేయగలిగిందీ ఏమీ లేకపోయింది. కమ్కమ్ అయితే ఆ మనవడిని ముందే కట్టేసేది.

గోడమీదపిల్లి
ఈ సమాధిమీద ఈసీ తీయిస్తే రెండు వేల ఏళ్ళకూ "లావాదేవీలు లేవు" అని వస్తుంది.

సందేహాలరావు
దస్తావేజైతే దేవుళ్ళెందుకు? జరిమానా చాలదా?

దస్తావేజులేఖరి
జరిమానా వసూలు చేయడానికి ఒకడు కావాలి బాబూ. ఆ సొమ్ము పూజారికి వెళుతుందంటే కనిపెట్టి ఉండేవాడు పూజారే అన్నమాట. మీరడగవలసింది జరిమానా ఎవరి జేబులోకి పోతుందని. ఆ జేబు గలవాడే ఆ పత్రానికి కాపలాదారు.

శాసనాలపిచ్చి
లేఖరి గారి మాటకు హెగ్రాలోనే బలం ఉంది. మరికొన్ని సమాధులమీద జరిమానా దుషరా దేవునికి కొంత, "మా ప్రభువు" హారితత్ రాజుకు కొంత అని పంచారు. ఒక శాసనమైతే తన నకలును ఖైషా దేవాలయంలో దాఖలు చేసినట్లు కూడా చెబుతుంది. రాయిమీద ఉన్నది ఒక ప్రతి, గుడిలో దాచినది మరొక ప్రతి.

దస్తావేజులేఖరి
నకలు కూడానా! ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను ఇంత పొడుగు రాసేవాడినే కాదు.

రేనాటిరాయి
అయితే నేరబ్‌కూ హెగ్రాకూ మధ్య ఏడు వందల ఏళ్ళలో ఏం మారిందో కనిపిస్తోంది. నేరబ్ పూజారికి దేవతలే దిక్కు. సంతానం పోతుందని బెదిరించాడు, కాపాడితే మేలు జరుగుతుందని ఆశపెట్టాడు, అంతకు మించి చేతిలో ఏమీ లేదు. కమ్కమ్‌కు దేవతలతోపాటు జరిమానా ఉంది, పూజారి ఉన్నాడు. భాష అదే అరామిక్, శాపమూ పోలేదు, దాని పక్కన లెక్క వచ్చి కూర్చుంది. మన శాసనాల్లోనూ గోహత్య పాపం పక్కన రాజదండన చెప్పినవి ఉన్నాయి.

తబూక్‌తెలుగు
ఇంతకీ పనిచేసిందా? నేను చూసినప్పుడు గదులన్నీ ఖాళీ. గోడల్లో గూళ్ళు, నేలలో గోతులు, ఇసుక తప్ప ఏమీ లేవు.

ఆదివారంబడి
నేరబ్ శిలలు పారిస్‌లో, ఉజ్జియా పలక యెరూషలేములోని ఇజ్రాయెల్ సంగ్రహాలయంలో ఉన్నాయంటేనే జవాబు తెలుస్తోంది.

శాసనాలపిచ్చి
ఏది కాపాడమన్నారన్నదానిమీద ఆధారపడుతుంది. మొదటి శిలలో శాపం మొదలు పెరికేది పేరును. "నీ పేరును పెరికివేయుదురు గాక" అంటే తన పేరు నిలవాలన్నదే లోపలి భయం. చోటు పోయింది, ఎముకలు పోయాయి, పేరు మాత్రం ఇరవై ఏడు శతాబ్దాల తర్వాత తెలుగులో టైపు చేసుకుంటున్నాం.

సందేహాలరావు
అది ఓదార్పు మాట. ఆయన అడిగినది "చోటు నుంచి లాగవద్దు" అని. లాగారు.

సీన్‌గట్టు
లేఖరి గారి జాబు, రేనాటిరాయి గారి శ్లోకాలు రెండూ మా అమ్మాయికి చదివి వినిపించాను. శాపం తగిలిందా లేదా అన్న సంగతి తను అప్పుడే మరచిపోయింది. నిన్న రాత్రి సీగబ్బర్ శిల ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూసి, విసనకర్ర పట్టుకున్న మనిషి పేరు రాయిమీద ఎక్కడ ఉందని అడిగింది. పది వరుసలూ వెదికాను. లేదు. శాసనాలపిచ్చి గారూ, ఎక్కడైనా ఉండి నేను చదవలేకపోయానా?

శాసనాలపిచ్చి
లేదు, మీరు సరిగ్గానే చదివారు. నేనూ ఇన్నాళ్ళుగా ఆ రాతనే చూస్తున్నాను గాని అతనికి పేరుందా అని ఎప్పుడూ వెదకలేదు.